నాన్న గుర్రమెక్కిన చలికాలం

మా అపార్టుమెంటు కింద, బెంజ్ సర్కిల్‌కు పోయే దారి మలుపులో ఒక భోజన హోటలుంది. వారానికి రెండు రోజులు పొద్దున్నే వాళ్ళు పెద్ద డేగిసాలో ఉలవలు ఎక్కిస్తారు. ఎనిమిదయ్యేసరికి ఆ వాసన, కాస్త మట్టిగా, కాస్త తియ్యగా, మెట్లెక్కి మూడో అంతస్తులో మా వంటింటి కిటికీ దాకా వచ్చేస్తుంది. మా కోడలు గట్టిగా గాలి పీల్చి, "అత్తయ్యా, ఇవాళ ఉలవచారు తెప్పించుకుందామా?" అంటుంది. వేడన్నంలో ఉలవచారు పోసుకుని పైన ఇంత మీగడ వేసుకోవడానికి పెళ్ళిళ్ళలో జనం వడ్డించేవాళ్ళ దారి కాస్తున్న రోజులివి. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఒక గుర్రం గుర్తొస్తుంది. నుదుటి మీద తెల్లమచ్చతో, పొట్టిగా, మొండిగా ఉండే ఎర్రగుర్రం, పేరు చిట్టి. మా నాన్నను డిప్యూటీ సూపరింటెండెంటును చేసింది అదే. అందులో సగం పుణ్యం మా తాతయ్యది.

అవి యుద్ధం రోజులు, నాకు తొమ్మిదేళ్ళు, ఊరినింకా అందరూ బెజవాడనే అనేవాళ్ళు. నాన్న అక్కడ పోలీసు ఇన్‌స్పెక్టరు. మేముండేది బందరు కాలవ గట్టుకు దగ్గర్లో ఒక పెంకుటింట్లో. వెనకాల జామచెట్టు, గోడవతల కానిస్టేబుళ్ళ లైన్లు. పొద్దున అక్కడ బిగిల్ ఊదితే ఇక్కడ మా అమ్మ పొయ్యి వెలిగించేది. కాలవలో ఆగిన పడవల మీద లేచే వంట పొగ, లైన్లలో నిక్కర్లకు పట్టించడానికి ఉడుకుతున్న గంజి, ఇత్తడి బొత్తాలు తోమే చింతపండు పులుపు, వరండా గోడకు తగిలించిన తోలు బెల్టుకు రాసిన నూనె, ఇవన్నీ కలిసి ముక్కుకు తగిలితేనే నాకు తెల్లవారినట్టు. నాన్న నడుస్తుంటే గంజి పెట్టిన ఖాకీ బట్ట ఫెళఫెళలాడేది. ఆ చప్పుడు వినపడగానే అరుగు మీది పిల్లలందరం పుస్తకాలు తెరిచేవాళ్ళం, తలకిందులుగా పట్టుకున్నామో లేదో కూడా చూసుకోకుండా.

లైన్ల పిల్లలం అందరం కలిసి దొంగా పోలీసూ ఆడేవాళ్ళం. మిగతా ఊళ్ళల్లో పిల్లలు పోలీసుగా ఉండటానికి కొట్టుకుంటారని నాకు చాలా కాలం తరవాత తెలిసింది. మాలో ఎవరూ అందుకు ఒప్పుకునేవాళ్ళు కాదు. ఇంట్లో చూస్తున్నది చాలదా అని మా అందరి ఉద్దేశం. చివరికి పంటలు వేసుకుని, ఓడినవాళ్ళు మూతి ముడుచుకుని పోలీసయ్యేవాళ్ళు.

పండగలు కూడా మాకు ఊరి పండగ వెళ్ళిన మర్నాడు వచ్చేవి. దసరా రోజులన్నీ నాన్న అమ్మవారి కొండ కింద బందోబస్తులో నిలబడేవాడు. దశమి నాడు అమ్మ మాకు తలంట్లు పోసి పులిహోరతో సరిపెట్టేది. కొత్త బట్టలు, గారెలు, బూరెలు ఏకాదశికే. ఊరు ఊరంతా అలిసిపోయి ఆవులిస్తుంటే మా పొయ్యి మీదికి నూనె మూకుడు ఎక్కేది. నాన్న మధ్యాహ్నం దాకా పడుకుని లేచి, వాచిన కాళ్ళు వేణ్ణీళ్ళ బేసిన్లో పెట్టుకుని, ఒళ్ళో పళ్ళెంతో కూర్చుని, వేడి బూరెకు వేలితో చిల్లు పొడిచి నెయ్యి పోసుకుంటూ, "అమ్మవారు కూడా మనలాగే ఇవాళే తీరిగ్గా భోంచేస్తుందే" అనేవాడు. నేను ఆ మాట పెళ్ళయ్యేదాకా నమ్మాను.

తాతయ్య ఆ ఏడే పెడన నుంచి మా ఇంటికి వచ్చాడు. ఆయన నేతపనివాడు. యుద్ధం వల్ల నూలు దొరక్క మగ్గం ఆగిపోతే, ఆగిన మగ్గం ముందు కూర్చోలేనని, సంచీలో రెండు పంచెలు, ఒక చుట్టల కట్ట పెట్టుకుని పడవెక్కి వచ్చేశాడు. నాన్న కూడా పదిహేనేళ్ళు వచ్చేదాకా ఆ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసినవాడే. తరవాత చదువుకుని, సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరి ఊరు వదిలాడు. తాతయ్య అందుకు కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. నాన్న ఉద్యోగాన్ని 'ఆ టోపీ పని' అనేవాడు, అంతే. నాన్నా తక్కువవాడేం కాదు. ఆఫీసులో కానీ, ఇంటికొచ్చినవాళ్ళు కానీ ఏ ఊరండీ మీది అంటే, పెడన అని చెప్పి, ఆపైన మాట పెంచేవాడు కాదు. అక్కడ మాకు పొలాలున్నాయని తోటి ఇన్‌స్పెక్టర్లు అనుకునేవాళ్ళు. నాన్న అవుననలేదు, కాదనలేదు. తాతయ్య పక్కనే వరండాలో కూర్చుని ఉండగా నాన్న అలా నోరు మూసుకోవడం నాకు అప్పట్లోనే నచ్చేది కాదు.

ఆ చలికాలంలో నాన్నకు డీఎస్పీ ప్రమోషను దగ్గరికొచ్చింది. పరీక్షలన్నీ అయిపోయాయి, ఒక్క గుర్రపుస్వారీ తప్ప. పెట్రోలు కరువుతో బస్సులే బొగ్గు మీద నడుస్తున్న రోజులు. గుర్రమెక్కలేని అధికారి లంక గ్రామాలకు ఎలా పోతాడని దొరల వాదన. నాన్నకు నలభై నాలుగు నిండాయి. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక ఇన్‌స్పెక్టరుగానే రిటైరవ్వాలి. చేతిలో ఉన్నది ఆరు వారాలు. కత్తులు పట్టుకున్న బందిపోట్లకు ఎదురెళ్ళిన మా నాన్నకు గుర్రమంటే భయమని ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

గుణదల యోసేపు జట్కా తోలేవాడు. లెక్కకు మించి జనాన్ని ఎక్కించాడని నాన్న ఆయన్ను రెండుసార్లు స్టేషన్లో కూర్చోబెట్టాడు. చివరికి మఫ్టీలో ఆయన ఇంటికే వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి సంగతి చెప్పుకోవలసి వచ్చింది. యోసేపు పాత కోపం ఏమీ పెట్టుకోలేదు. "దానిదేవుందండీ అయ్యగారూ, మా చిట్టి పసిబిడ్డండీ. ఊరికే కూర్చోండి, అన్నీ అదే చూసుకుంటది" అన్నాడు.

ఊరికే ఒకరి గుర్రాన్ని వాడుకోవడం నాన్నకు గిట్టదు. అందుకని చిట్టి తిండి మా ఇంటి నుంచే వెళ్ళేట్టు ఏర్పాటైంది. రోజూ అమ్మ కుండెడు ఉలవలు ఉడకబెట్టేది. ఉలవలు చిట్టికి, ఆ నీళ్ళు మా చారుకు. ఆరు వారాలు అదే చారు. తాతయ్య విస్తరి ముందు కూర్చుని, "మీ నాయనకు సవారీ ఎప్పుడొచ్చుద్దో, నాకు కందిపప్పు ఎప్పుడొచ్చుద్దో" అని నిట్టూర్చేవాడు.

పొద్దున్నే కృష్ణ ఇసుకలో అభ్యాసం. చలికాలపు కృష్ణ సన్నగా ఒక పక్కకు ఒదిగి పారుతుండేది, మిగతాదంతా ఇసుక, దాని మీద మంచు, ఆ మంచులో దోసపాదులకు కుండలతో నీళ్ళు పోసే ఆడవాళ్ళ మాటలు. నేను యోసేపు పక్కన జట్కాలో కూర్చుని వెళ్ళేదాన్ని. ఇసుక దగ్గర ఆయన చిట్టిని జట్కా నుంచి విప్పి జీను వేసేవాడు. నాన్న ఆజానుబాహువు, చిట్టి పొట్టిది. ఆయన ఎక్కితే కాళ్ళు నేలకు జానెడు దూరంలో వేలాడేవి. ఆయన ఎంత పగ్గం లాగితే అది అంత మెడ బిగించేది. ఇసుకలో దిక్కు తెలియక నిలబడిపోయేది, రోడ్డెక్కిందంటే మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. రైలు స్టేషను ముందు ఆగేది, కాఫీ హోటలు ముందు ఆగేది, సినిమా హాలు ముందు ఆగి వెనక్కి తిరిగి చూసేది, ఇంకా ఎవరూ దిగరేమిటా అని.

గుణదల తిరనాళ్ళ నాటి పొద్దున అయితే పరువే పోయింది. బందోబస్తుకు వెళ్ళేముందు ఓ అరగంట స్వారీ చేద్దామని నాన్న మఫ్టీలో బయల్దేరాడు. కొవ్వొత్తులు పట్టుకుని నడిచిపోతున్న జనాన్ని చూడగానే చిట్టికి తన పని గుర్తొచ్చింది. నాన్న ఎంత లాగినా ఆగకుండా మాత గుడి దారి పట్టి, తిన్నగా జట్కాల వరసలోకి వెళ్ళి నిలబడింది. అక్కడున్న కానిస్టేబులు "జట్కా గుర్రాలు అటేపు. తియ్ తియ్" అని లాఠీతో దాని వెనక ఒక్కటిచ్చి, అప్పుడు పైకి చూసి, కొయ్యబారిపోయి సెల్యూట్ చేశాడు. ఈ సంగతి యోసేపు వచ్చి చెబుతుంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నవ్వలేదు. వరండాలో కూర్చుని బూట్లు విప్పుతూ, "ఇక నావల్ల కాదు. రెండు వారాల్లో వచ్చే విద్య కాదిది" అన్నాడు. నాన్న నోట అలాంటి మాట నేను వినడం అదే మొదలు. ఏడుపొచ్చింది.

తాతయ్య చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు. మర్నాడు పొద్దున కండువా చెవులకు చుట్టుకుని వచ్చి జట్కాలో నా పక్కన కూర్చున్నాడు. ఇసుకలో గొంతుక్కూర్చుని కాసేపు చూశాడు. తరవాత లేచి వెళ్ళి చిట్టి మెడ మీద చెయ్యి వేశాడు.

"ఏందిరా అబ్బాయ్, అన్నీ చేతుల్తోనే చేత్తన్నావు? కాళ్ళు ఇంటో పెట్టొచ్చావా?"

"అదేంటి నాన్నా?"

"మగ్గం మీద చేతులు నాడె ఇసిరే సంగతి చూసుకుంటయ్. నడిపించేది కాళ్ళేగా. ఎడంది తొక్కితే కుడిది వదలాల. మరిచిపోయావా? ఆ బూట్లు ఇప్పు."

బెజవాడ ఇన్‌స్పెక్టరు బూట్లు విప్పి, ఒట్టి కాళ్ళు రికాబుల్లో పెట్టాడు. తాతయ్య పక్కన నడుస్తూ, "ఎడం, వదులు. కుడి, వదులు. తెగేట్టు తొక్కమాక, కింద దారం ఉందనుకో" అని అంటూనే ఉన్నాడు. మొదట్లో ఏమీ తేడా లేదు. కాసేపటికి నాన్న భుజాలు కిందికి దిగాయి, చేతుల్లో పగ్గం వదులైంది, చిట్టి మెడ దించి ఫుర్రుమని ఒకసారి చీది, ఆయన కాలు ఎటు చెబితే అటు తిరగడం మొదలుపెట్టింది. "బూట్లేసుకుంటే దానికేం తెలిసిద్దండీ మరి. పెద్దయ్యగారు చెప్పిందే రైటండీ" అన్నాడు యోసేపు, ఆరు వారాల్లో నాలుగు వారాలు తనకా ముక్క తోచనందుకు సిగ్గుపడకుండా. నాన్నా తాతయ్యా కలిసి ఒక పని చేయడం నేను చూసింది ఆ రెండు వారాలే. ఇద్దరూ ఇసుక దులుపుకుంటూ ఇంటికి వచ్చి, పక్కపక్కన కూర్చుని ఉలవచారు జుర్రుకునేవాళ్ళు. అంత సంతోషంగా మా ఇల్లు మళ్ళీ ఎప్పుడూ లేదేమో.

పరీక్షకు బందరు నుంచి సూపరింటెండెంటు దొర వచ్చాడు. రిజర్వు పోలీసుల మైదానంలోకి ఇంట్లోవాళ్ళను రానివ్వరు. యోసేపు జట్కాను కంచెకు ఆనించి ఆపితే, నేనూ తాతయ్యా అందులోనే నిలబడి చూశాం. నాన్నకిచ్చిన నల్లగుర్రం చిట్టి కన్నా మూరెడు ఎత్తు. నాన్నకు ముందు వెళ్ళినాయన అడ్డకర్ర దూకించబోయి దుమ్ములో పడి లేచాడు. నేను జట్కా ఊచ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నాన్న, ఈసారి బూట్లతోనే, దౌడు తీయిస్తున్నాడు, భుజం కదలకుండా, మొహంలో భయం లేకుండా. అడ్డకర్ర దాటించాడు, రికాబులు వదిలేసి ఒక చుట్టు తిరిగాడు. పక్కకు చూస్తే తాతయ్య పాదాలు జట్కా పలక మీద కదులుతున్నాయి, ఎడమ, కుడి, ఎడమ, కుడి.

దొర గుర్రం దగ్గరికి వచ్చి, కంచెకు పది గజాల్లోనే నిలబడి, కాళ్ళ పని చాలా బాగుంది, ఎవరు నేర్పారు అని అడిగాడు. నేను మిషన్ స్కూల్లో చదువుతున్నదాన్ని, ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుసు. నాన్న ఒక్క క్షణం కంచె వైపు చూశాడు. తరవాత, "చిన్నతనంలో నేర్చుకున్నానండి, మా ఊళ్ళో" అన్నాడు. పక్కనున్న అధికార్లు తలలూపారు, పొలాలున్నవాళ్ళ ఇంట్లో గుర్రాలుండవా అన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దొర ఏమడిగాడే? మీ నాయన ఏం చెప్పాడు?" అన్నాడు తాతయ్య.

"స్వారీ ఎవరు నేర్పారని అడిగాడు. మా నాన్న నేర్పాడు, ఆయన మగ్గం నేస్తాడు అని నాన్న చెప్పాడు."

"మగ్గం అనే అన్నాడా?"

"మగ్గం అనే అన్నాడు తాతయ్యా."

తాతయ్య మొహం అటు తిప్పుకుని చుట్ట వెలిగించబోయాడు. రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి.

ఆ రోజు సాయంత్రం ఇంట్లో పాయసం, ఎట్టకేలకు కందిపప్పు. అందరం విస్తళ్ళ ముందు కూర్చున్నాక తాతయ్య అన్నాడు, "నా సంగతి దొరతో చెప్పావంటగా అబ్బాయ్." నాన్న చెయ్యి ముద్ద మీద ఆగిపోయింది. ఆయన నా వంక చూశాడు. నేను విస్తట్లోకి తల దూర్చాను.

"చెప్పాను నాన్నా" అన్నాడు.

"అయితే ఆ టోపీ పనిలో కూడా కాస్త మన పనుందన్నమాట" అని తాతయ్య ఇంకో గరిటెడు పాయసం అడిగి వేయించుకున్నాడు. నాన్న సరిగ్గా తినలేదు.

మర్నాడు నాన్న కాఫీ కూడా తాగకుండా యూనిఫాం వేసుకుని వెళ్ళాడు. గంటలో తిరిగి వచ్చి నన్ను వరండాలోకి పిలిచాడు. ఎదురుగా కుర్చీ వేయించి, నిందితులను కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టాడు.

"నిన్న నువ్వు తాతయ్యకిచ్చిన వాంగ్మూలంలో ఒక తప్పుంది" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేవబోయాను.

"దాన్ని నేను కూడా ఒప్పుకుని వదిలేశాను. ఇరవయ్యేళ్ళ నుంచీ నా చేతి మీదుగా తప్పుడు వాంగ్మూలం ఒక్కటి పోలేదు. అందుకని దొర ఇంకా బంగళాలోనే ఉన్నాడని తెలిసి వెళ్ళి చెప్పొచ్చాను. మిగతావాళ్ళంతా ఉన్నప్పుడే చెప్పాను."

"ఏమని చెప్పావు నాన్నా?"

"నువ్వు చెప్పిందే."

ఆ తరవాత ఆయన డీఎస్పీ అయ్యాడు, స్వతంత్రం వచ్చాక ఎన్నో జిల్లాలు తిరిగాడు, ఎస్పీగా రిటైరయ్యాడు. జీపులొచ్చేశాయి కనక అన్నేళ్ళలో గుర్రమెక్కింది మూడుసార్లకు మించి లేదు. కానీ ఆ వారంలోనే బెజవాడ పోలీసులు పెట్టిన 'మగ్గం డిప్యూటీ' అనే పేరు మాత్రం ప్రతి ఊరికీ ఆయన కన్నా ముందే చేరేది. మొదట్లో చిరాకుపడేవాడు. పోను పోను, కొత్తవాళ్ళు ఏ ఊరండీ అంటే చాలు, తనే అందుకుని, వాళ్ళకు విసుగొచ్చేదాకా పడుగూ పేకా వివరించేవాడు. తాతయ్య నూలు దొరకగానే పెడన వెళ్ళిపోయి, దొరకు తన సంగతి తెలుసని వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయాడు.

ఇప్పుడు ఆ మైదానం ఎక్కడుండేదో నేనే గుర్తుపట్టలేను, అన్నీ మేడలే. జట్కాలు ఆగే చోటు చెబితే ఆటోవాళ్ళు నవ్వుతారు. బందరు కాలవలో పడవల్లేవు. పెడనలో గుంటమగ్గం చప్పుడు వినాలంటే వీధులు వెతుక్కుంటూ తిరగాలి. ఆనాడు కంచె పక్కన నిలబడ్డవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నేను చెప్పింది అబద్ధమని తాతయ్యకు పోయేదాకా తెలియదు. తెలియవలసిన అవసరమూ లేకపోయింది. మర్నాడు ఎనిమిది కొట్టేలోపే నాన్న వెళ్ళి దాన్ని నిజం చేసి వచ్చాడు.