కుప్పం దారిలో మా అమ్మ మంద

మొన్న ఆషాఢంలో మదనపల్లె నుంచి పుంగనూరు వైపు కారులో పోతుండగా సన్నని తుంపర మొదలైంది. మా ముందర గొర్రెలను కిక్కిరిసేలా ఎక్కించుకున్న లారీ ఒకటి మూలుగుతూ పోతోంది. తడిసిన బొచ్చు వాసన, పెంటికల వాసన, వాటితో కలిసిన కొత్త వాన వాసన ఒక్కసారిగా కారులోకి కొట్టింది. నా పిల్లలిద్దరూ ముక్కులు మూసుకొని అద్దాలు ఎక్కించమని గోల పెట్టారు. నేను ఎక్కించలేదు సరికదా, ఉన్న అద్దాన్ని పూర్తిగా దించేసి ఆ గాలిని కడుపు నిండా పీల్చుకున్నాను. వాళ్లకేం తెలుసు పాపం! ఆ వాసన మధ్యనే నేనొక వేసవంతా తిన్నాను, పడుకున్నాను, ఆడుకున్నాను. మహారాణిలా బతికాను.

మాది రామసముద్రం దగ్గర ఒక మెట్ట పల్లె. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను ఆరో తరగతి చదువుతున్నప్పుడు, వరసగా వానలు ముఖం చాటేశాయి. బావుల్లో అడుగు రాళ్లు బయటపడ్డాయి, బోర్లు గాలి కక్కాయి, వేరుశనగ వేసిన చేలల్లో మట్టి పొడిపొడిగా లేచి మధ్యాహ్నం పూట ఊరంతా ఎర్రటి దుమ్ము కమ్ముకునేది. సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఎడారి బొమ్మ చూసినప్పుడు, దీనికోసం అంత దూరం పోవడమెందుకు, మా ఊరి చెరువు కట్ట ఎక్కి చూస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఒంటెలు లేవు గానీ మిగిలినవన్నీ ఉన్నాయి.

ఆ కరువులో మా ఇంటికి మిగిలిన ఆస్తి అమ్మ మంద. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు తోలిచ్చిన ఒక గొర్రెపిల్లతో మొదలై, అమ్మ చేతిమీదుగా పెరిగిన మంద అది. ఆ పిల్లే పెద్దదై బొల్లి అయింది. మొహం మీద తెల్లటి మచ్చ, మెడలో చిన్న గంట. బొల్లి నడిస్తే మంద నడిచేది, బొల్లి ఆగితే మంద ఆగేది. అలాంటి మందను అమ్మేయమని మా పెదనాయన పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మేత యాడుండాది, నీళ్లు యాడుండాయి? జాతర్లకు కొనేవాళ్లు వస్తాండారు, తోలిచ్చేయండి. లేకుంటే చర్మాలు మోసుకోవాల్సొస్తాది సూడండి."

నాయన తల వంచుకొని నేల గీరుతున్నాడు. ఆయన మెత్తబడుతున్నాడని మాకందరికీ తెలిసిపోయింది. అంతలో అమ్మ పేడ చేతులతోనే వాకిట్లోకి వచ్చింది. "నేనమ్మను బావా. కుప్పం తట్టు వానలు పడినాయంట. తోలుకుపోతాండాను. ఎవురు వస్తే వాళ్లు రండి, లేకుంటే నేనూ కుక్కలూ పోతాం" అంది. పెదనాయన నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ మంట పుట్టిస్తుంది.

చివరికి ఇల్లంతా కదిలింది. ఎద్దుల బండి మీద గూడు కట్టి, రాగిపిండి మూట, చింతపండు, ఎండుమిరపకాయలు, వేరుశనగ ఊరుబిండి పచ్చడి కుండ, నీళ్ల డ్రమ్ము, కంబళ్లు, నడవలేని గొర్రెపిల్లలను మూసే వెదురు గంపలు, వాటన్నిటి మధ్యన మా అవ్వను ఎక్కించాం. అవ్వ తన వక్కాకు సంచీ తప్ప దేన్నీ నమ్మేది కాదు. బయలుదేరే ముందు నాయన ప్రతి గొర్రె వీపుకూ ఎడమ పక్కన గోడలకు పూసే ఎర్రటి జాజు ఒక చెయ్యి మేర పూశాడు. మా ఇంట్లో గుర్తుకోసం చెవులకు గాటు పెట్టే అలవాటు లేదు, నోరులేని జీవానికి నొప్పి అని అవ్వ ఒప్పుకునేది కాదు. "మెడకాడ కూడా పెట్టరా, ఊరు దాటి పోతాండాం" అని అవ్వ చెబితే, మన గొర్రెలను మనం గుర్తుపట్టలేమా అని నాయన విసుక్కున్నాడు.

కుక్కలు రెండు. కరియ ముందు నడిచేది, టైగర్ వెనక. కరియ నల్లగా, గంభీరంగా, ఊరి పెద్దమనిషిలా ఉండేది. టైగర్ పేరుకే టైగర్, పిల్లి ఎదురైనా తోక ముడుచుకొని బండి కిందికి దూరేది. మా వైపు మంద కుక్కలను కళ్లు తెరవక ముందే గొర్రెపిల్లల గంప కింద వేసి, గొర్రె పాలు పిండి తాగించి పెంచుతారు. అలా పెరిగిన కుక్కకు మందే ఇల్లు. టైగర్ తాగిందంతా బొల్లి పాలే. ఈతలన్నీ అయిపోయి బొల్లి పాలివ్వడం మానేశాక కూడా, అంత ఒళ్లు పెంచిన టైగర్ దాని పొట్ట కింద తల దూర్చి పడుకునేది. అవ్వ చూసినప్పుడల్లా "సిగ్గుండాదా నీకు" అని తిట్టేది.

ఎండ ముదరకముందే నడక, పట్టపగలు చింతచెట్ల నీడన నిద్ర, పొద్దు వాలాక మళ్లీ నడక. ఇదీ మా ప్రయాణం. సాయంత్రానికి ఏదో ఒక రైతు చేలో మంద కట్టేవాళ్లం. రాత్రంతా గొర్రెలు ఆ చేలో పడుకుంటే పొలానికి ఎరువు, మాకు ఆ పూటకు రాగులు, మజ్జిగ, వాళ్ల బావిలో నీళ్లుంటే స్నానం కూడా. మూడు రాళ్ల పొయ్యి మీద అమ్మ సంగటి కెలుకుతుంటే, నేనూ చెల్లెలూ చింతగింజలతో అచ్చనగాయలు ఆడుకుంటూ, సంగటి ముద్దలో గుంట చేసి ఊరుబిండి పెట్టుకొని తింటూ, పండగ రోజు ఓళిగలకు కూడా అంత రుచి లేదని పోట్లాడుకునేవాళ్లం. పుంగనూరు దాటాక ఒక ఊళ్లో గంగమ్మ జాతర జరుగుతుంటే వాళ్లు మాకు చెంబుల కొద్దీ అంబలి పోశారు. దారి పొడవునా మాత్రం ఒకటే మాట. యాడికి పోతాండారు, ఈ ఎండలో బతకవు, అమ్మేయండి. అమ్మ కొంగు నడుముకు దోపుకొని ముందుకు నడిచేది, అంతే.

బైరెడ్డిపల్లె దగ్గర ఒక చెరువు నడుమన నీటి మడుగు మిగిలి ఉంది. ఆ నీటి వాసన తగలగానే మా గొర్రెలు ఎవరి మాటా వినకుండా పరిగెత్తాయి. సరిగ్గా అదే సమయానికి అవతలి గట్టు నుంచి సోమల వైపు మంద ఒకటి దిగింది. నాయన కేకలు, వాళ్ల కేకలు, దుమ్ము. చూస్తుండగానే రెండు మందలూ ఒకటైపోయాయి. దుమ్ము అణిగాక చూస్తే ఏముంది, వాళ్ల గొర్రెలకూ వీపు మీద ఎడమ పక్కన ఎర్రటి జాజు!

ఆ మందకు పెద్ద గంగులప్ప తాత. పెద్ద తలపాగా, అంతకంటే పెద్ద మీసం. మోసగాడు కాదు గానీ పట్టిన పట్టు వదిలే రకం కాదు. పాలు తాగే పిల్లలున్న గొర్రెలతో చిక్కు తీరిపోయింది. అమ్మ మా గంపలు ఎత్తగానే పిల్లలు అరిచాయి, ఆ అరుపులకు తల్లులు పరిగెత్తుకొచ్చాయి. మిగిలిన వాటిని కరియ వాసన పట్టి, పక్కలకు తట్టుకుంటూ ఒక్కొక్కటిగా మా వైపు తోసింది. అంతా సర్దుకుంటోంది అనుకుంటుండగా, తాత బొల్లిని పట్టుకున్నాడు. నీళ్ల తోపులాటలో దాని మెడలో గంట తెగి యాడో పడిపోయింది.

"ఇది నాది. నాకూ తెల్లమచ్చ గొర్రె ఉండాది."

బొల్లి లేకుంటే మా మంద అక్కడి నుంచి ఒక్క అడుగు వేయదు. కుప్పం లేదు, మేత లేదు, పెదనాయన చెప్పినట్టు కొనేవాళ్లకు తోలివ్వాల్సిందే. నాయన అరిచాడు, తాత ఇంకా గట్టిగా అరిచాడు. ఆయన కుక్కలు, దూడలంత ఉన్నాయి, గుర్రుమంటూ బొల్లి చుట్టూ నిలబడ్డాయి.

అప్పుడు లేచింది మా పిరికి టైగర్! బండి కింద నుంచి బాణంలా దూసుకొచ్చి, ఆ కుక్కల కాళ్ల సందుల్లోంచి దూరి, బొల్లి ముందర నిలబడి పళ్లు బయటపెట్టింది. ఒళ్లంతా వణుకుతోంది, అయినా కదలదు. వాటిలో పెద్దది మీదికి దూకబోతే టైగర్ దాని మొహం మీదే కరిచింది. అది కుయ్యోమని వెనక్కి తగ్గింది. ఆ వెంటనే మా టైగర్, అంత యుద్ధం మధ్యన, అందరూ చూస్తుండగా, బొల్లి పొట్ట కింద తల దూర్చేసింది. బొల్లి కదలకుండా నిలబడి దాని వీపును మూచూసింది.

గంగులప్ప తాత నోరు వెళ్లబెట్టాడు. తర్వాత పొట్ట పట్టుకొని నవ్వాడు. "తీసుకోమ్మా తీసుకో. బిడ్డ వచ్చి అమ్మ అని చెప్పినంక నాదని యాడ అనేది!" అన్నాడు. ఆయన తెల్లమచ్చ గొర్రె మడుగు అవతల తుమ్మచెట్టు నీడన తీరిగ్గా నెమరేస్తూ దొరికింది. మేము చెరువంతా మారుమోగేలా ఈలలు వేశాం. ఆ పూట అమ్మ మొదటి సంగటి ముద్ద టైగర్‌కు పెట్టింది. అవ్వ తిట్టడం మానలేదు గానీ, ఊరుబిండి కొంచెం దాని ముద్దకు రాసింది.

కుప్పం చేరేసరికి నిజంగానే అక్కడ వానలు పడి ఉన్నాయి. పచ్చిక చూసి నాకు ఏడుపొచ్చింది. సగం తెలుగు, సగం తమిళం మాట్లాడే ఆ రైతులు మా మందను మా చేలో కట్టు, మా చేలో కట్టు అని వంతులు వేసుకున్నారు. బడి తెరిచే రోజులు దాటిపోయాయి, పోతే పోయాయి. మా వైపు తొలకరి పడ్డాక మందను వెనక్కి తోలుకొచ్చాం. దారిలో పుట్టిన పిల్లలతో బండి నిండిపోయి అవ్వ దిగి నడవాల్సి వచ్చింది. ఊరి మొదట్లో జనమంతా నిలబడి చూస్తుంటే, అమ్మ తల ఎత్తుకొని నడిచింది. వెనక బొల్లి, కరియ, మంద, అన్నిటికీ చివర తోక పైకెత్తి టైగర్. నా జన్మలో ఇన్ని గెలుపులు చూశాను, చప్పట్లు విన్నాను, అంత గర్వం మళ్లీ యాడా తగల్లేదు. మరుసటి ఎండాకాలం పెదనాయన మళ్లీ మా అరుగు మీద కూర్చున్నాడు. ఈసారి ఆయన నేల చూస్తున్నాడు.

"ఏమ్మా రత్నమ్మా, మా గొర్రెలను గూడా తోలుకుపోతావా?"

"మెడకాడ జాజు పెట్టి తోలు బావా" అంది అమ్మ.

ఇప్పుడు ఆ దారిలో మంద నడవడానికి చోటు లేదు. చేలకు కంచెలు పడ్డాయి, టమాటా తోటల చుట్టూ కరెంటు తీగలు, బైరెడ్డిపల్లె మడుగు ఉన్న చోట ప్లాట్ల రాళ్లు. గొర్రెలు లారీల్లో పోతున్నాయి, గంప కింద కుక్కను పెంచేవాళ్లు లేరు. ఆ తుంపర రోజు ఊళ్లో మా ఇంటికి చేరాక ఇదంతా అమ్మకు చెప్పి, ఆ కాలం పోయిందమ్మా అని నిట్టూర్చాను. అమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూ నన్ను తేరిపార చూసింది.

"యాడికి పోతాది? మంద దూరే సందు యాడో ఒకటి ఉంటాది. పొద్దున్నే పోదామా?"