దుప్పట్ల మీద పద్దెనిమిది శాతం

గోదారి ఒడ్డున దిండి ఊళ్ళో ఒక రిసార్టులో పదకొండేళ్ళు పనిచేశాను. గదుల దుప్పట్లు, తలగడ గలీబులు, తువ్వాళ్ళు, హౌస్‌బోట్లలో పరిచే తెల్ల పక్కబట్టలు, అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళేవి, నా చేతి మీదుగానే వచ్చేవి. కొబ్బరిబోండం నీళ్ళు తెల్ల దుప్పటి మీద పడితే అప్పటికప్పుడు ఏమీ కనపడదు. ఆరాక గోధుమరంగు తేలుతుంది, ఇక చచ్చినా వదలదు. టూరిస్టులకి ఆ సంగతి తెలీదు, మంచం మీద కూర్చుని తాగుతారు. ఆ మరక వదిలించడం ఈ చుట్టుపక్కల నాకొచ్చినట్టు ఇంకెవరికీ రాదని నాకు కాస్త పొగరు. మరకల సంగతి తప్ప లోకంలో ఇంకేమీ తెలీదన్న సంగతి తర్వాత తెలిసింది.

ఒకరోజు మేనేజరు గారు పిలిచి కూర్చోమన్నారు. పదకొండేళ్ళలో ఆ గదిలో నన్ను కూర్చోమన్నది అదే మొదటిసారి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"వచ్చే నెల నుంచి లాండ్రీ బయటికి ఇచ్చేస్తున్నామండీ. పైవాళ్ళ ఆర్డరు. ఎవరికో ఎందుకండీ, మీకే ఇద్దామని నేనే చెప్పేను. మీరు ఉద్యోగం పోగొట్టుకోవట్లేదండీ, ఓనరు అవుతున్నారు."

"అంటే జీతం ఉండదాండీ?"

"జీతమేంటండీ ఇంకా, నెలకో బిల్లు పెట్టుకుందురు గాని. జీఎస్టీ నెంబరొకటి తెచ్చుకోండి. అది లేకపోతే మా అకౌంట్సు వాళ్ళు ఒప్పుకోరు."

"ఆయ్" అన్నాను. ఇంకేమంటాను? ఉద్యోగం పోయిందని అర్థమవడానికి బస్సెక్కి రాజోలు దాకా వచ్చేంత సేపు పట్టింది.

మా ఇంట్లో బిల్లు పెట్టిన మనిషి అంతకు ముందు లేదు. అమ్మమ్మ ఒకరి చేలో ఊడ్పులకి వెళ్ళింది. అమ్మ మిషనరీల ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. నేను రిసార్టులో నెల జీతం. ఎవరో లెక్క కట్టి చేతిలో పెడితే కళ్ళకద్దుకుని పుచ్చుకోవడం తప్ప ఇంకో పద్ధతి మా మూడు తరాల్లో ఎవరూ ఎరగరు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లలు లేరు. ఇంట్లో నేనూ అమ్మా.

పీఎఫ్ డబ్బు మొత్తం తీసి రాజమండ్రిలో ఒక పాత పెద్ద వాషింగు మిషను కొన్నాను. అమ్మేవాడు బిల్లు లేకుండా అయితే తక్కువకి ఇస్తానన్నాడు, సంతోషంగా బిల్లు లేకుండానే తెచ్చుకున్నాను. ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించాను. మా బోరు నీళ్ళు ఉప్పన, తెల్లబట్ట నాలుగు ఉతుకులకి పసుపెక్కిపోతుంది, అందుకని నీళ్ళ ట్యాంకరు మాట్లాడుకున్నాను. రిసార్టులో నాతోపాటు మానిపించిన ముగ్గురు ఆడవాళ్ళని పనిలో పెట్టుకున్నాను. ఇక ఆ పని నిలబడితేనే మేం నలుగురం నిలబడేది. మళ్ళీ ఉద్యోగం ఇచ్చేవాళ్ళెవరూ లేరు, తీయడానికి ఇంకో పీఎఫ్ లేదు.

జీఎస్టీ నెంబరు నెట్ సెంటరాయన తెప్పించారు. ఈమెయిలు కావాలంటే అదీ ఆయనే తెరిచారు. దాని పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చి, "ప్రతి నెలా ఫైలింగు ఉంటుందండోయ్, ఆడిటరు గార్నెవర్నన్నా చూసుకోండి" అన్నారు. ఆయ్ అన్నాను. మా వైపు ఆయ్ అంటే చాలాసార్లు విన్నామని మాత్రమే. నా మట్టుకు నాకు టాక్సంటే మార్చి నెలలో మేష్టార్లు తిట్టుకుంటూ నింపే కాయితం. దానికింకా బోలెడు టైముందనుకున్నాను.

జనవరిలో సగం నెల పని చేశాం. బిల్లు నలభై వేలు, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ ఏడువేల రెండొందలు. బిల్లు రాసిపెట్టింది రిసార్టు అకౌంటెంటే. ఫిబ్రవరిలో నలభై ఆరువేల ఎనిమిదొందలు బ్యాంకులో పడ్డాయి. నాలుగొందలు తక్కువొచ్చాయేమిటని ఫోన్ చేశాను.

"టీడీఎస్ అండి. టాక్సు కట్ చేసేం" అన్నాడు అకౌంటెంటు.

హమ్మయ్య అనుకున్నాను. టాక్సు వాళ్ళే కోసేసుకున్నారు, మిగిలిందంతా నాదే. ఆ రోజు ఎంత తేలిగ్గా నిద్రపోయానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది క్రైస్తవ సంఘానికి కట్టుబడిన ఇల్లు. మొదటి జీతం దేవుడిది. అమ్మ ఆయాగా చేరిన నెల జీతమంతా కవరులో పెట్టి గుడిలో ఇచ్చింది, అది ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంది. నా మొదటి జీతం కూడా అలాగే ఇచ్చాం. ఇప్పుడు సొంత పని, దానికీ ప్రథమ ఫలం ఉంటుంది కదా అంది అమ్మ. కూలి డబ్బులూ, ట్యాంకరు డబ్బులూ పీఎఫ్ డబ్బులో మిగిలినవాటితో సర్దేసి, నలభై ఆరువేల ఎనిమిదొందలకి ఇంకో రెండొందలు కలిపి నలభై ఏడు వేలు చేసి, కోత పండగ నాడు కవరు పళ్ళెంలో పెట్టాను. పక్కన గుమ్మడికాయలు, కోళ్ళు, కొబ్బరిగెలలు వేలం వేస్తున్నారు. పాస్టరు అయ్యగారు నా పేరు చదివి ప్రార్థన చేశారు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ గర్వంగానే ఉంది, ఎందుకబద్ధం.

తర్వాత నెలలన్నీ బాగానే నడిచాయి. ఎండాకాలం బోట్లు ఖాళీ లేవు. ఒక్కో నెల డెబ్భై వేలు, ఎనభై వేలు పని. వచ్చిన డబ్బులో కూలీ, కరెంటు, నీళ్ళు, సబ్బు, ఆటో. మిగిలింది ఇంటికి. ప్రతి బిల్లులోనూ పద్దెనిమిది శాతం గవర్నమెంటు సొమ్ము నా చేతిలోకి వచ్చి, నా చేతిలోంచే ఖర్చయిపోతోందని నాకు ఎవరు చెప్పాలి? చెప్పారు. ఆ ఈమెయిలుకి వరసగా ఉత్తరాలొచ్చాయట. ఆ ఈమెయిలు నేను ఒక్కసారి కూడా తెరవలేదు. పాస్‌వర్డు చీటీ బైబిల్లో భద్రంగా ఉంది.

ఆగస్టులో గోదారి పోటెత్తి బోట్లు ఆపేశారు. అది ప్రతి ఏడాదీ ఉండేదే. ఆ వారంలోనే మేనేజరు గారి ఫోను.

"మీ జీఎస్టీ క్యాన్సిలయిపోయిందటండీ. మీరు ఒక్క నెల కూడా కట్టలేదంట కదా. మేమిచ్చిన టాక్సు మాకు తిరిగి లెక్కలో రావట్లేదని పైవాళ్ళు నన్ను తిడుతున్నారు. జులై బిల్లు ఆపేసేం."

"మీరు కోసుకున్నారు కదండీ?"

"అది వేరండీ, ఇది వేరు."

అవి రెండూ వేరని నాకు తెలియడానికి ఏడు నెలలు పట్టింది. నెలాఖరులోగా నెంబరు మళ్ళీ బతికించుకుంటే సరే, లేకపోతే కాకినాడ కంపెనీకి ఇచ్చేస్తామన్నారు. మంచిగానే చెప్పారు. ఆయనెప్పుడూ మంచిగానే చెబుతారు.

అమలాపురంలో ఒక ఆడిటరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కంప్యూటరులో నా నెంబరు కొట్టి ఒక్కో నెలా చూశారు.

"వచ్చిన డబ్బేం చేసేరండీ?" అని అడిగారు.

"మొదటి నెలది గుడిలో ఇచ్చేశానండి."

"టాక్సుతో సహానా?"

"ఆయ్."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అంతా కలిపి, వడ్డీలూ లేటు ఫీజులూ వేసి, తొంభై ఐదు వేలు కడితే దరఖాస్తు పెట్టొచ్చన్నారు. మిషను కొన్న బిల్లు ఉంటే కొంత తగ్గేదట. లేదన్నాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు.

గొలుసు తాకట్టు పెట్టాను. చేతిలో ఉన్నదీ అదీ కలిపితే యాభై వేలయ్యాయి. ఇంకా నలభై ఐదు వేలు. బిల్లు లేని పాత మిషను మీద ఎవరూ అప్పివ్వలేదు. నాతో పనిచేసే ముగ్గురూ రోజూ పొద్దున్నే వచ్చి షెడ్డులో కూర్చుని, బట్టలెప్పుడొస్తాయండీ అని అడుగుతున్నారు. వరద తగ్గాక అని చెబుతున్నాను. అమ్మకీ అదే చెప్పాను. నా జన్మలో అన్ని అబద్ధాలు ఎప్పుడూ ఆడలేదు.

నలభై ఐదు వేలు. నలభై ఏడు వేలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే అసహ్యించుకున్నాను. రెండు రోజులు అసహ్యించుకుని, మూడో రోజు అయ్యగారింటికి వెళ్ళాను.

అయ్యగారు నాకన్నా చిన్నవారు, నెమ్మదస్తులు. అంతా విన్నారు. "అందులో ఏడువేల రెండొందలు నావి కావండి, గవర్నమెంటువి. మిగతాది అప్పుగా ఇప్పించండి, నెలనెలా తీర్చేస్తాను" అన్నాను. ఇంట్లో ఎన్నోసార్లు మనసులో అనుకుని వెళ్ళిన మాటలే అవి.

"నా చేతిలో లేదమ్మా. కమిటీని అడగాలి" అన్నారు.

కమిటీలో ఐదుగురు. ముగ్గురు రిటైరైన మేష్టార్లు, ఒకాయన బ్యాంకు, ఒకాయన తాటిపాకలో నూనె కంపెనీ ఉద్యోగం. అందరూ జీతాలూ పెన్షన్లూ పుచ్చుకున్నవాళ్ళే. ఎవరూ ఒక్క కటువు మాట అనలేదు. మీరేం బాధపడకండమ్మా అన్నారు. ఆ డబ్బు అప్పుడే గుడి సీలింగులోకి వెళ్ళిపోయిందన్నారు. తలెత్తి చూస్తే నిజమే, కొత్త సీలింగు తెల్లగా మెరుస్తోంది.

"దేవుడికిచ్చింది వెనక్కిచ్చిన ఆనవాయితీ లేదండి. పైగా రేపు ఇంకొకరడుగుతారు. ప్రత్యేక కానుక పట్టిద్దాం" అన్నారు పెద్దమేష్టారు.

"నా పేరు చదవకండి. మా అమ్మ కూర్చుంటుంది" అన్నాను. ఆయ్, అలాగేనమ్మా అన్నారు అందరూ. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారం ఆరాధనలో అయ్యగారు మాటిచ్చినట్టే పేరు చెప్పలేదు. మన సంఘంలో ఒక సహోదరి ప్రభుత్వానికి కట్టాల్సిన సొమ్ము వాడుకుని ఇబ్బందిలో ఉంది, తోచినంత సాయం చేయండి అన్నారు. పళ్ళెం వరసల వెంట వస్తోంది. నా పక్కన అమ్మ కొంగు ముడి విప్పి, పింఛనులోంచి ఐదొందల నోటు తీసి వేసింది. పళ్ళెం నా చేతికొచ్చింది. ఖాళీగా పంపిస్తే అమ్మ చూస్తుందని నేనూ ఒక వంద వేశాను.

మొత్తం ఎనిమిదివేల మూడొందల నలభై వచ్చింది. అయ్యగారు కవరు ఇస్తూ నా మొహం చూడలేకపోయారు. నెలాఖరు అయిపోయింది. కాకినాడ కంపెనీ వ్యాను మా వీధి చివరి మెయిన్‌రోడ్డు మీదుగా దిండి వెళ్తోందని ముగ్గురిలో ఒకావిడే నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ అప్పటికే అందులో పనికి చేరింది. మంచి పని చేశావన్నాను. నిజంగానే అన్నాను. ఫోన్ పెట్టేశాక షెడ్డులోకి వెళ్ళి, పనిలేని ఆ మిషను పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆ రాత్రి అన్నం తింటూ అమ్మ అడిగింది.

"గవర్నమెంటు సొమ్ము వాడేసుకుందన్నారే, ఎవరే ఆ మనిషి? అంత తెలివిలేనిది మన సంఘంలో ఎవరున్నారే?"

"తెలీదమ్మా."

"డబ్బు సరిపోయిందంటా?"

"చాలలేదంట."

అమ్మ ముద్ద కలుపుతూ ఆగింది. "పోనీ, చేసుకునే పనన్నా ఉందా పాపం?"

"లేదంటమ్మా."

"అయ్యో" అంది. అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డ్రమ్ము మూత తీసిన చప్పుడైంది. కుంచెడు బియ్యం సంచిలో కొలిచి తెచ్చి నా గది గుమ్మం పక్కన పెట్టింది.

"అయ్యగారినడిగి ఆ మనిషెవరో కనుక్కో. పొద్దున్నే నువ్వే పట్టుకెళ్ళి ఇచ్చిరా. మనకేం, వరద తగ్గితే నీకు బట్టలొచ్చేస్తాయి."

"ఆయ్" అన్నాను.

రెండు రోజులు ఆ సంచి గుమ్మం పక్కనే ఉంది. మూడో రోజు పొద్దున్నే, అమ్మ లేవకముందు, అందులోంచి తీసి వండాను.