పువ్వు కాదు, పుండు

నాకు చదువు అంతంతమాత్రం. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. తప్పులుంటే ఫోన్‌వి, మాటలు మాత్రం నావి. కన్ను బాగోక ఏ ఊరు వెళ్లాలో తేల్చుకోలేని వాళ్లు మా రామచంద్రపురం చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని నేను రాజమండ్రి వెళ్లొచ్చిన సంగతి చెబుతున్నాను.

చిన్నప్పటి నుంచీ నా పని కొబ్బరికాయలు ఒలవడం. నేలలో పాతిన గునపం మొన మీద కాయను గుచ్చి మెలితిప్పితే పీచు ఊడివస్తుంది. చూపు కాస్త తప్పితే ఒలిచేది కాయను కాదు, అరచేతిని. రెండు నెలల కిందట ఎడమ కంట్లో పీచు నలుసు పడింది. కన్ను ఎర్రబడి నీళ్లు కారాయి. ఇంట్లో ఉన్న చుక్కలమందు వేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది. తర్వాత నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలింది. 'పువ్వు వేసింది' అన్నారు వీధిలో అందరూ. భీమవరంలో ఉన్న మా అల్లుడు అక్కడికి రమ్మన్నాడు. నా భార్య మార్తమ్మ కాకినాడ అంది. నేను మాత్రం ముదిరాక తీయించుకుంటానన్నాను. లేతకాయ ఎవడైనా దించుతాడా? మార్తమ్మ శుక్లాన్ని కూడా ముదరనిచ్చాకే తీయించాం. కానీ నెల తిరిగాక ఒక సోమవారం గునపం మొన నాకు రెండుగా కనబడింది. కాయ జారి బొటనవేలు చీరుకుపోయింది. సరే, ఎప్పుడు తీస్తారో కాకినాడ వెళ్లి అడిగొద్దాం అని మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. మార్తమ్మ తోడొస్తానంటే వద్దన్నాను. చూపు తగ్గింది గానీ కాళ్లు తగ్గలేదు.

రామచంద్రపురం బస్టాండులో కాకినాడ బస్సు కోసం కూర్చుని టీ తాగుతుంటే, చేపలు అమ్మేసుకుని ఖాళీ గంపతో వచ్చిన ఒకామె నా పక్కన కూలబడింది. పేరు నూకరత్నం అట. నా మొహంలోకి వంగి చూసింది.

"ఏంటి బాబాయ్ గారూ, ఆ కన్ను?"

"పువ్వేసిందమ్మా. నెల్లాళ్లుగా ఒకటే నొప్పి, నీళ్లు, చూపూ తగ్గింది. ఇంకా ముదరలేదు. ముదిరాక తీయిస్తాను."

"ముదిరేది శుక్లం అండి. పువ్వు ముదిరితే కన్నే పోద్ది. మా ఆయనా ఇలాగే ముదరనిచ్చాడు. ఇప్పుడు వల ఎటు పడిందో నేను చెప్పాలి."

"నాకు చెప్పేంతదానివా నువ్వు?"

"పోనీ చెప్పనులెండి. ఒంటికంటితోనే ఒలుచుకోండి కాయలు. పది వేళ్లెందుకు, ఐదు చాలవూ?"

నా చేతులు చూసి పని కనిపెట్టేసింది. కోపం వచ్చింది గానీ, బొటనవేలి కట్టు చూస్తూ అన్న మాట కాబట్టి మింగేశాను. "మరి ఏ ఊరు పొమ్మంటావు?" అన్నాను.

"ఊరు కాదండి చూసుకోవాల్సింది. నల్లగుడ్డుకి వేరే డాక్టరుంటారు. ఈవేళ ఆ డాక్టరు ఎక్కడుంటే అక్కడికెళ్లాలి."

వాళ్లాయన్ని చూపించిన రాజమండ్రి కంటి ఆసుపత్రి నంబరు ఆమె ఫోన్‌లోనే ఉంది. కలిపి నాకిచ్చింది. "కంట్లో పువ్వు వేసిందండి" అన్నాను. అవతలి అమ్మాయి, "వచ్చే శుక్రవారం రండి తాతగారూ" అంది. నూకరత్నం ఫోన్ లాక్కుంది. "పువ్వు కాదండీ! నల్లగుడ్డు మీద పుండు. నెల్లాళ్లయింది. నొప్పి, నీళ్లు, చూపు తగ్గిపోయింది." అమ్మాయి గొంతు మారిపోయింది. "అయితే ఇప్పుడే బయలుదేరమనండి. డాక్టరుగారు ఒంటిగంట వరకూ ఉంటారు. వాడిన మందులన్నీ తెమ్మనండి." చుక్కల సీసా నా చొక్కా జేబులోనే ఉంది. కాకినాడ బస్సు వచ్చినా ఎక్కలేదు. వెనకాలే వచ్చిన రాజమండ్రి బస్సెక్కాను.

ద్వారపూడి మీదుగా గంటన్నర ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే పెద్దవాళ్లకు టికెట్‌లో తగ్గింపు ఉంది. కిటికీ పక్క మాత్రం కూర్చోవద్దు, దుమ్ము కొడుతుంది. నేను తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి ఆటో ఎక్కితే డ్రైవరు, "ఇంకా దగ్గర్లో వేరే ఆసుపత్రుందండి, బాగా చూస్తారు" అన్నాడు. "కన్ను నాది. చెప్పిన చోటికి పోనియ్" అన్నాను. తిన్నగా అక్కడికే తీసుకెళ్లాడు.

డాక్టరుగారు మా మనవరాలి వయసు పిల్ల. కంటికి మొద్దుబారే మందు వేసి, పుండు మీద కాస్త గీకి పరీక్షకు పంపింది. గంటసేపటికి మళ్లీ పిలిచింది.

"బూజు అండి."

"బూజు పచ్చడికి పడుతుంది గానీ మనిషికి పడుతుందా?"

"పీచు నలుసుతో వస్తుందండి. ఈ చుక్కలెవరివి?"

"మా ఆవిడవి. శుక్లం ఆపరేషన్‌ అప్పుడు మిగిలాయి."

"ఇవి పైకి ఎరుపు తగ్గించి లోపల బూజును పెంచాయండి. ఇక ముట్టుకోకండి."

"అవన్నీ సరే. కన్ను దక్కుతుందా, లేదా?"

"ఇంకొన్నాళ్లు ఆగుంటే చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడైతే దక్కుతుంది. మచ్చ కొంచెం మిగలొచ్చు. గంటగంటకీ కొత్త చుక్కలు వేయాలి, తప్పకూడదు."

"పనిలో నేనేనాడూ తప్పలేదమ్మా" అన్నాను. తప్పలేదు కూడా. చూపించుకోవడానికి ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాను. మచ్చ సన్నబడింది, గునపం మొన మళ్లీ ఒకటిగా కనబడుతోంది. డాక్టరుగారు సరేననేదాకా కాయ ముట్టకూడదని మార్తమ్మ ఆ గునపాన్ని పెరికి ఎక్కడో దాచింది.

ఏ కాయ ఎప్పుడు దించాలో నన్ను మించి చెప్పగలిగినవాడు మా చుట్టుపక్కల లేడు, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ కాయల లెక్కే కంటికీ వేశాను, అదొక్కటే తేడా. భీమవరమా, కాకినాడా అని ఇంట్లో నెల్లాళ్లు వాదించుకున్నాం. అసలు అడగాల్సిన మాట బస్టాండులో చేపలామె చెప్పింది. మీరు ఏ ఊళ్లో ఉన్నా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ తేలి నొప్పిగా ఉంటే ఆసుపత్రికి ఫోన్ చేసి పువ్వు అనకండి. నల్లగుడ్డు మీద పుండు అనండి. పువ్వంటే నాకు వచ్చే శుక్రవారం అన్నారు. పుండు అనగానే ఆ పూటే రమ్మన్నారు.