ఎలుకల గది మామ చెప్పిన మాట

పోయిన మంగళవారం పొద్దున ఆవడి పోయే లోకల్ రైలులో నాకు మామ చావు కబురు తెలిసింది. చెప్పినవాడు బాధపడుతూ చెప్పలేదు, నవ్వుతూ చెప్పాడు. మా తిరువళ్లూరు వాడే, నాతోపాటు ఫ్యాక్టరీ పనికి వచ్చేవాడే.

“అన్నా, మీ ఎదురింటి కీళానెల్లి మామ తెల్లారి పొయ్యినాడు. కామెర్లంట. ఊరోళ్ల ఈరలంతా కాపాడతానన్న మనిషికి కడాకు ఈరలే చెడిపొయ్యిందంట.”

ఈరలంటే మా వైపు కార్జం. కీళానెల్లి అంటే నేల ఉసిరి. పెట్టెలో నలుగురైదుగురు నవ్వారు. నేను తరువాతి స్టేషనులో దిగి ఇంటికి వెనుదిరిగాను. ఆదివారాలు వీధి కూటాల్లో వాక్యం బోధించేవాణ్ణి నేను. ఆ నవ్వుకు బదులు చెప్పకుండా ఊరుకుంటే నా నోట వాక్యం నిలవదు. అందుకే ఇది రాస్తున్నాను.

నుదుట విబూది పెట్టుకునే మనిషి గురించి మన సంఘ పత్రికలో ఎందుకని ఒక పెద్దాయన అడిగాడు. అయ్యా, దొంగల చేత దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడి గాయాలు కట్టినవాడు ఏ జాతివాడో, వాక్యం చదివిన మీకు నేను చెప్పాలా?

మామది తిరుత్తణి పక్కన కే.జీ.కండిగై, సేద్యగాళ్ల ఇల్లు. నాకు రక్తసంబంధం లేదు. ఎదురింట్లో ఉన్నాడు గనుక మామ అయ్యాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. మద్రాసులో ఒక కాలేజీలో ఎలుకల గది పనివాడుగా చేరాడు. పరిశోధన చేసే పెద్దవాళ్లు చెప్పిన కొలత ప్రకారం ఎలుకలకు ఆకురసం పట్టడం, విషం పట్టడం, చచ్చినవాటిని కోసి కార్జాలు సీసాల్లో పెట్టడం ఆయన పని. ఇరవై ఏళ్లకు పైగా అదే రైలు, అదే గది. సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా వీధి అరుగు మీదే విప్పేవాడు. స్నానం చేయకుండా మనవరాలిని ముట్టేవాడు కాదు. ఆ చొక్కాకు ఒక తియ్యని, తల తిప్పే వాసన ఉండేది.

మా పక్క కామెర్లకు పసరు ఇచ్చేవాళ్లు ఆకు పేరు చెప్పరు. చెబితే మందు చచ్చిపోతుందని నమ్మకం. గుడ్డ కప్పి నూరి, గుడ్డ కప్పే ఇస్తారు. మామ అదే ఆకును రైలు కట్ట పక్కన వేళ్లతో పెరికి, ఖాళీ టిఫిను డబ్బాలో వేసుకుని వచ్చి, వీధిలో అందరి ముందూ తిప్పి చూపించేవాడు. “ఆకు కింద చూడండప్పా, గింజలు వరసగా ఉండాయి. ఇదే. పేరు చెప్తే చచ్చేది మందా?” అనేవాడు. పసరు ఇచ్చేవాడు వచ్చి పోట్లాడినా లెక్కపెట్టలేదు. అయితే కళ్లు పచ్చబడినవాళ్లు ఎవరొచ్చినా ముందు పెద్దాసుపత్రికి తరిమేవాడు. ఆకు ఆ తరువాతి మాట.

ఆ ఆకు ఏం చేస్తుందో నాకు ఆయనే చెప్పాడు. నూనె గిన్నె మూత తీసి పెడితే నాలుగు రోజులకు గాలి తగిలి కంపు కొడుతుంది కదా, కార్జంలోని కణాల గోడలూ కొవ్వుతో చేసినవే. విషం లోపలికి పోతే, మనల్ని బతికించే ఆ ప్రాణవాయువే ఆ గోడలకు ఎదురు తిరుగుతుంది. ఒక గోడ చెడితే పక్క గోడకు అంటుకుంటుంది. కొన్ని ఆకుల్లో ఉండే సత్తువ ముందుకు పోయి ఆ దెబ్బను తన మీద వేసుకుంటుంది, కణం నిలబడుతుంది. అందుకే ముందుగా ఆకురసం తాగి తరువాత విషం తాగిన ఎలుక బతికింది, ఉత్త విషం తాగినది చచ్చింది.

దెబ్బను తన మీద వేసుకుంటుంది! ఆ మాటే నేను పట్టుకున్నాను. నేను బడిలో నేర్చినవాణ్ణి కాను, గ్రంథం ఒక్కటే నా బడి. ఆ ఆదివారం సాయంత్రమే వీధి కూటంలో అదే బోధించాను. మన దెబ్బను మోసినవాడు ఒకడు ఉన్నాడు, ఆయన సృష్టిలో ఆకుకు సైతం ఆ గుణం ఇచ్చాడు అని గొంతు చించుకున్నాను. ఎలుకల సంగతి చెప్పాను. అప్పటికి మద్యనిషేధం ఎత్తేసి సారాయి కొట్లు మళ్లీ తెరిచారు. కొట్టు నుంచి వచ్చి వెనక నిలబడినవాళ్లు నా బోధలో ఎలుకను మాత్రమే విన్నారు.

వారం తిరగక ముందే మా పేటలో కొత్త ఆచారం పుట్టింది. పొద్దున మజ్జిగలో నేల ఉసిరి ముద్ద, సాయంత్రం సారాయి. పొద్దున కవచం వేసుకున్నాం, ఇంక ఎంత తాగినా భయం లేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. అందరికంటే ముందున్నవాడు నా తమ్ముడు. ఇదివరకు భార్యకు భయపడి సగం తాగేవాడు, ఇప్పుడు అన్న బోధించాడని నిండా తాగాడు. నాలుగు నెలలకు వాడి కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఇంత తెలిసీ నేను వాడి కోసం ప్రార్థన చేశానే గాని, నా బోధను వెనక్కి తీసుకోలేదు. నాకు పేరొచ్చిన బోధ అది.

మామ తెచ్చి పెట్టాడు నాకు బుద్ధి. కూటంలో జనం మధ్య లేచి నిలబడ్డాడు.

“బోధకుడా, ముందు ఆకు తాగిన ఎలక బతికిందని చెప్పినాను, నిజమే. ఆ ఎలకకి విషం ఒక్కసారి పోసినాము. దినామూ పోస్తే ఏమైందని నన్ను అడిగినావా నువ్వు?”

నేను అడగలేదు. ఊరంతా వింటోంది. అడగలేదని ఒప్పుకున్నాను.

“చచ్చింది. ఆకు తాగే చచ్చింది. నీ తమ్ముడు కూడా అట్లానే చస్తా ఉండాడు, నీ మాట విని.”

కృప ఉంది గదా అని పాపంలోనే నిలిచి ఉందామా అని అపొస్తలుడు నిలదీసిన మాట నేను వందసార్లు చదివి ఉంటాను. దాని అర్థం నాకు చెప్పినవాడు విబూది పెట్టిన ఎలుకల గది పనివాడు.

మరునాడు నన్నూ తమ్ముణ్ణీ మద్రాసు తీసుకుపోయాడు. తన ఎలుకల గదిలో మూడు సీసాలు వరసగా పెట్టాడు. మొదటిది మంచి కార్జం, నున్నగా ఎర్రగా ఉంది. రెండోది ముందు ఆకు తాగి ఒకసారి విషం తాగినది, కాస్త పాలిపోయింది, అంతే. మూడోది దినమూ ఆకూ, దినమూ విషమూ తాగినది. కాకరకాయలా గట్టిపడి బొడిపెలు కట్టింది. తమ్ముడు ఆ మూడో సీసా దగ్గరే నిలబడిపోయాడు. పెద్దాసుపత్రిలో చేర్చింది కూడా మామే. వాడు ఇంటికి వచ్చాక ఏడు నెలలు, కొట్టు తెరిచే వేళకు సరిగ్గా మామ మా అరుగు మీద వచ్చి కూర్చునేవాడు. మంచి మాట ఒక్కటి చెప్పేవాడు కాదు. “లేస్తావారా? లెయ్. నీ పెండ్లాం తాళిని నువ్వే తెంపి ఇచ్చి పో” అనేవాడు. వాడు లేచేవాడు కాదు.

ఇప్పుడు నవ్వినవాళ్లకు బదులు. ఆయన ఎప్పుడూ సారాయి ముట్టలేదు. మరి ఆ కార్జం ఎలా చెడింది? మంచాన పడ్డాక నేనే అడిగాను. ఆ గదిలో విషాన్ని సన్నని గాజు గొట్టంతో నోటితో పీల్చి కొలిచేవాళ్లట. ఇరవై ఏళ్లు అలాగే కొలిచాడు. కిటికీ ఒక్కటే, అదీ ఎలుకలకు చలి అని మూసేవాళ్లు. డాక్టరు అదే కారణమని రాసివ్వలేదు, కాదనీ అనలేదు.

“నీ ఆకు నువ్వు తాగలేదా మామా?” అన్నాను.

“తాగినాను. దినామూ తాగినాను. దినామూ విషం పీల్చినాను. మూడో సీసా నేనే కదప్పా. ఎలకకైతే ఇంత పొయ్యాలని లెక్క ఉండాది. నాకు లెక్క పెట్టినోళ్లు లేరు.”

వినండి. ఆయన చావు ఆయన మాటను అబద్ధం చేయలేదు. అక్షరం పొల్లు పోకుండా నిజం చేసింది. ఆకు ఒక దెబ్బను కాస్తుంది. రోజూ విషం పోసే చేతిని ఏ ఆకూ కాయదు, అది సారాయి పోసే చెయ్యి గాని, కిటికీ మూసే చెయ్యి గాని. ఇది నేను ప్రతి వీధిలోనూ చెబుతాను. మాన్పించగలవాళ్లు వచ్చి మాన్పించండి.

మామ వాళ్ల ఇంటి వాడుక పూడ్చడమే. నా తమ్ముడు ఎవరినీ అడగకుండా గుంటలో దిగి మన్ను సరిచేశాడు. తిరిగి వస్తుంటే రోడ్డు మీది టీకొట్టులో, వాడితో ఒకప్పుడు తాగినవాడు పలకరించాడు. “ఆకు ఇచ్చినోడు పొయ్యినాడు. ఆకు తిన్న నువ్వు మాత్రం ఇంగా ఉండావే?”

“ఆకుతో బతకలేదు అన్నా,” అన్నాడు తమ్ముడు. “ఆయప్ప తిట్లతో బతికినాను.”

తమ్ముడు చేతులు కడుక్కోకుండానే టీ అందుకుని, నిలబడే తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి నడిచిపోయాడు. గ్లాసు చుట్టూ అయిదు వేళ్ల ఎర్రమట్టి అచ్చులు పడ్డాయి. టీకొట్టతను దాన్ని కడగడానికి చేతిలోకి తీసుకున్నాడు గాని, నీళ్లలో ముంచకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.