చెరపకూడని బోర్డు

ఆ రోజుల్లో మా అనంతపురంలో వానకంటే అరుదైనది ఒక్కటే ఉండేది. మా గణిత సంఘం పెద్దాయన నోట ‘ఒప్పుకుంటి’ అనే మాట.

ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. మిగతావాళ్ళం ఊళ్ళోని లెక్కల టీచర్లం. అందులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఆదివారాలు హైస్కూలు గదిలో చేరి కాసేపు పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్ళం, వాళ్ళు పోయాక మా సొంత లెక్కల మీద పడి కొట్టుకునేవాళ్ళం. ఏడాదికొకరిని మద్రాసు సభకు పంపి పేపరు చదివించేవాళ్ళం. ఆ ఏడాది నేనే పోవాలని పట్టుబట్టాను. పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ముందు నిలబడి నా లెక్క నేను చెప్పాలి. ఆ వయసులో నాకు అంతకుమించిన కోరిక లేదు.

సంఘానికొక పిచ్చి ఆచారం ఉండేది. ఎవరైనా బోర్డు మీద నిరూపణ రాస్తే, అందరూ ఒప్పుకునేదాకా, లేదా రాసినవాళ్ళే తప్పని చెంపలేసుకునేదాకా దాన్ని చెరపకూడదు. గోడకే నల్లరంగు పూసిన బోర్డు అది. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన నాటినుంచి నా నిరూపణ దాన్ని ఆక్రమించుకుని కూర్చుంది. పాపం, సోషల్ అయ్యవారు పానిపట్టు యుద్ధమంతా ఓ మూల అరచేతంత జాగాలో జరిపించేవారు.

ఒక వరుస దగ్గర ‘ఇది స్పష్టమే’ అని రాసి దాటేశాను. ప్రతి ఆదివారం పెద్దాయన చేతికర్ర సరిగ్గా అక్కడే ఆనేది.

“ఎవరికి స్పష్టమమ్మా?”

“అందరికీ సార్.”

“నాకు కాలేదే. నేను అందరిలో లేనా యేమి?”

వెనక ఎవరో కిసుక్కుమనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. “ముసలాయనకు కుళ్ళు నాయనా, ఆడపిల్ల మద్రాసు పోతుందని కుళ్ళు” అని ఇంట్లో మా నాయన దగ్గర గొంతు చించుకునేదాన్ని.

మద్రాసుకు పేరు పంపాల్సిన ఆఖరి ఆదివారం రానే వచ్చింది. మేం చేరేసరికి ఆకాశం మూసుకొచ్చి కుండపోత మొదలైంది. జనమంతా వీధిలో పడ్డారు. “వానప్పా, వాన!” అని ఒకటే కేకలు. ఎంతకాలంగానో చుక్క పడలేదు కాబట్టి బడి మట్టి మిద్దెను ఎవరూ పట్టించుకోలేదు. అది సరిగ్గా బోర్డున్న గోడమీదే కారింది. ఊరంతా వానకు దండాలు పెడుతుంటే దాన్ని నోటికొచ్చినట్టు తిట్టిన శాల్తీలం మేమే. గది లోపల గొడుగులు విప్పాం. ఎండకు పట్టే పాత గొడుగులు, నీళ్ళకేం ఆగుతాయి? పెద్దాయన ఉన్నపళంగా భుజం మీది కండువా తీసి బోర్డుకు అడ్డంపెట్టి రెండు చేతులా అదిమాడు. కాసేపటికి తీసి చూస్తే నా నిరూపణ కండువాకు అంటింది, గోడ శుభ్రంగా ఉంది.

నేను భోరుమన్నాను. సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు.

“పోనీలే సార్, ఒప్పుకుంటి అనేయండి” అన్నాడు కార్యదర్శి. “ఆయమ్మ ఏడుస్తాండాది. పేరు పంపిద్దాం.”

పెద్దాయన సుద్దముక్క తీసుకుని చెక్క తలుపు దగ్గరికి పోయి, పంచెలోంచి నీళ్ళు కారుతుండగా నా నిరూపణంతా మొదటినుంచి రాసుకుంటూ వచ్చాడు. చూడకుండా, ఒక్క గుర్తు పొల్లుపోకుండా రాశాడు. ఆ వరుస దగ్గరికొచ్చి ఆగాడు.

“ఈడ గుంత ఉండాదమ్మా. ఇంట్లో నేనూ రోజూ పూడ్చాలనే చూస్తాండా, నాకు చేతకాలే. వాన పడిందని గుంత పూడిపోతుందా?”

ఈ భూమ్మీద నా లెక్కను నాకంటే ఎక్కువ పట్టించుకున్న మనిషి ఒకడున్నాడని అప్పుడు తెలిసింది. ఏడుపు ఆగింది. కోపం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

“నా పేరు పంపొద్దు సార్” అన్నాను కార్యదర్శితో.

ఆ ఏడు మద్రాసుకు ఇంకొకాయన పోయినాడు. గుంత పూడ్చడానికి నాకు మరుసటి వానకారు దాకా పట్టింది. పెద్దాయన తలుపు ముందు నిలబడి, ఒక్కో వరుసా కర్రతో తడిమి, చివరికి “ఒప్పుకుంటి” అన్నాడు.

మద్రాసు వెళ్ళాను. పెద్ద హాలు, ఫ్యాన్లు, సూట్లు. ఆ వరుస దగ్గర కావాలనే ఆగి, ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. తలలూపారు, చప్పట్లు కొట్టారు, టిఫినుకు లేచిపోయారు.

తిరిగొచ్చి పెద్దాయన ముందు వెళ్ళగక్కాను. “ఒక్కడన్నా అడగలే సార్! ఒక్కడన్నా!”

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, నా చేతిలో సుద్దముక్క పెట్టాడు.

“అడిగేటోళ్ళం ఈడుండాం గదమ్మా. ఇంకోటి రాయి పో.”