యాభై దగ్గర మొదలయ్యే కూత

మా బంధువులు ఈ సంగతిని ఒక రకంగా చెప్పుకుంటారు. బండి వెనక ఇరుసులో చప్పుడును నేను ముందే పట్టానట. కాగితం మీద రాసిచ్చానట. ఆడదాని మాట అని వర్క్‌షాపు వాళ్లు కొట్టిపారేశారట. అందుకే మనిషి పోయాడట. నా నోరు తెలిసినవాళ్లు దీన్ని సులువుగా నమ్ముతారు. మొదటి రెండు ముక్కలూ నిజమే. మూడోది అబద్ధం. కొట్టిపారేయడానికి ఆ రోజు నేను అసలు మాటే అనలేదు.

నాది ఫ్యాక్టరీలకు కాపలా కాసే కేంద్ర బలగం. సరిహద్దుకు వెళ్లలేదు కాబట్టి నేను సైనికురాలిని కాదనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతో ఇంకోసారి వాదిస్తాను.

తొంభైల నడుమ, ఒక ఏప్రిల్‌లో, మధ్యాహ్నం రెండుంపావుకు దుర్గ్ స్టేషన్లో దిగాను. నల్ల ట్రంకు ఒకటి, బెడ్డింగు ఒకటి. వడగాలి. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన డ్రైవరు సెల్యూట్ కొట్టి, నా ఛాతీ మీద పేరు చదివి, తెలుగులోకి దిగిపోయాడు.

"ఏ ఊరమ్మా మనది?"

"విజయనగరం."

"మాది టెక్కలి పక్కన. ఇక్కడ ఖుర్సీపార్‌లో ముప్పయ్యేళ్లై ఉంటన్నాం. మీరు గట్టిగా మాటాడతారమ్మా, బాగుంది."

నా గొంతును మెచ్చుకున్న మొదటి మగవాడు ఆయనే. కారణం తర్వాత తెలిసింది.

నా డ్యూటీ అక్కడి ఉక్కు ప్లాంటులో మా యూనిట్ వాహనాలది. పద్నాలుగు బండ్లు. అందులో ఒకటి పదిమంది పట్టే డీజిల్ బండి. ఇప్పుడు ఎస్‌యూవీ అంటారు, అప్పుడు మేము పెద్ద బండి అనేవాళ్లం. సోమ, బుధ, శుక్రవారాలు నందిని సున్నపురాయి గనులకు పేలుడు మందు వ్యాను వెళ్లేది. వెనక కాపలాగా మా పెద్ద బండి. ఉదయం ఐదూ నలభైకి గేటు దాటాలి. డ్రైవరు, ఇద్దరు జవాన్లు, ముందు సీట్లో నేను. వ్యానుకూ మాకూ మధ్య వంద మీటర్లు.

పెద్ద బండి డ్రైవరు స్టేషన్‌కు వచ్చిన ఆయనే. నలుగురిలో ఆయన నన్ను మేడమ్ అనేవాడు. బండెక్కితే అమ్మా అనేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. అంత పెద్ద బండిని నాకు నేర్పింది ఆయనే. "ఇంజిన్ మాట చెవికి కాదమ్మా, నడుముకి తెలుస్తాది. సీట్లోంచి వొస్తాది" అనేవాడు. అది అనుభవం అనుకున్నాను. పదకొండు నెలల్లో రిటైర్మెంటు. ఆయన కోరిక ఒక్కటే: "స్టీరింగ్ మీంచే దిగిపోవాలమ్మా. గేటు కాడ స్టూలేసి కూకోబెట్టకూడదు."

జూన్ మొదట్లో కూత వినబడింది. యాభై కిలోమీటర్ల వేగం దగ్గర వెనక నుంచి సన్నగా ఈల. నలభైకి దిగితే లేదు.

"బాబాయ్, ఏదో కూస్తోంది."

"టైర్లమ్మా. రోడ్డు గరుకు."

నేను ఫిజిక్స్ చదివినదాన్ని. అంత తేలిగ్గా వదలను. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు పరీక్ష పెట్టాను. తారు మీదా కంకర మీదా ఒకేలా కూసింది, అంటే టైరు కాదు. బండిని కాస్త ఎడమకూ కుడికీ ఊపించాను, కూత మారలేదు. చక్రాల బేరింగు కాదు. న్యూట్రల్‌లో కూడా సన్నగా వినబడింది, కాబట్టి ఇంజిన్ కాదు. ఇక మిగిలింది వెనక ఇరుసు మధ్యలోని గుండు, అందులో పళ్ల చక్రాలు.

"యాక్సిలరేటర్ తొక్కండి బాబాయ్." కూత ఆగింది.

"వదలండి." కూత మొదలైంది.

ఆరుసార్లు చేయించాను. ఆరుసార్లూ అంతే.

"విన్నారా?"

"నాకేటీ ఇనపడ్డం నేదమ్మా."

"మీకు మొండితనం ఎక్కువ."

"మీకేటి తక్కువా?" అని నవ్వాడు. వెనక జవాన్లు కూడా నవ్వారు.

ఆ తేడా మీదే అంతా ఆధారపడి ఉంది. తొక్కినప్పుడు కూస్తే పళ్లు అరిగినట్టు. చిక్కటి ఆయిల్ పోసి కొన్నాళ్లు నడపొచ్చు. కాలు తీసినప్పుడు కూస్తే పినియన్ బేరింగు, అంటే ఆ గుండులో చిన్న పళ్ల చక్రాన్ని పట్టి ఉంచేది, వదులైనట్టు. అది ఏ రోజైనా ఇరుక్కుని చక్రాలను బిగించేస్తుంది. బండిని వెంటనే ఆపేయాలి.

లోపం చీటీ మీద డ్రైవరు సంతకం లేకపోతే వర్క్‌షాపు బండిని ముట్టదు. చీటీలో రాయడానికి ఉన్నది ఒక్క గీత చోటే. "వెనక ఇరుసు, కూత" అని రాశాను. ఆయన సంతకం పెట్టాడు. "మీరు సెప్పేరు కాబట్టి ఎడతన్నాను."

వర్క్‌షాపు ప్లాంటు గోడ లోపల ఉంది. అక్కడ వేగం ఇరవై దాటకూడదు. యాభై దగ్గర వచ్చే కూతను ఎవరూ నడిపి వినలేరు. డ్రైవరు మాటే ఆధారం. ఫోర్‌మన్ మనవాడే, అక్కడే పుట్టి పెరిగాడు. బండి కిందకి దూరి అడిగాడు.

"భయ్యా, తొక్కినప్పుడా, ఛోడ్‌నే పే?"

డ్రైవరు నా పక్కనే నిలబడి కాటన్ వేస్టు ఉండతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"కాలు తీసినప్పుడు" అన్నాను.

ఫోర్‌మన్‌కు వినబడలేదో, విననట్టు నటించాడో. పక్కనే గ్రైండర్ తిరుగుతోంది. బయటికి వచ్చి డ్రైవరు ముఖంలోకి చూస్తూ మళ్లీ అడిగాడు. డ్రైవరు ఫోర్‌మన్ పెదవులను చూశాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. అప్పుడు అర్థమైంది. డ్రైవరు కాకముందు ఇరవయ్యేళ్లు బ్లోయర్ హౌస్ పక్క గేటులో, కొలిమికి గాలి కొట్టే యంత్రాల హోరులో కాపలా కాసిన మనిషి. మాటలు పెదవుల మీద చదువుకుంటున్నాడు. సన్నటి శబ్దం ఏదీ ఆయన చెవిని చేరదు.

"తొక్కినప్పుడు" అన్నాడు.

ఫోర్‌మన్ నా వైపు చూశాడు. "మేడమ్, మీరు ఇంకేదో అన్నారు?"

కమాండెంట్‌తో మెస్సులో పప్పు గురించి కూడా వాదించినదాన్ని. నోరు తెరిచాను. కాదని చెబితే, ఆయనకు ఎందుకు తెలియదని అడుగుతారు. మెడికల్ బోర్డు. గేటు దగ్గర స్టూలు. సాయంత్రం ఒంటరిగా వచ్చి ఫోర్‌మన్ చెవిన వేద్దాం అనుకున్నాను.

"ఏం లేదు" అన్నాను.

ఫోర్‌మన్ చిక్కటి ఆయిల్ పోశాడు. "పళ్ల అరుగుదల. సామాను వచ్చేదాకా నడపొచ్చు" అని చీటీ మీద రాశాడు.

సాయంత్రం ఆర్డరు వచ్చింది. కుమ్హారి దగ్గర మా లారీ ఆగిపోయింది, వెంటనే వెళ్లమని. వెళ్లాను. పోయేముందు వర్క్‌షాపుకు ఒక ఫోన్ చేయవచ్చు. చేయలేదు. ఎక్కడికి పోతుంది, వచ్చాక చెబుదాం అనుకున్నాను.

మూడో రోజు శుక్రవారం. లారీ ఇంకా కదల్లేదు, నేను అక్కడే ఉన్నాను. తొలి వాన పడింది. పదకొండూ ఇరవైకి లారీలోని సెట్ పలికింది. వైర్‌లెస్ ఆపరేటరు గొంతు.

"మేడమ్, నందిని రోడ్డు. పెద్ద బండి తిరగబడింది. ఖాళీగా వస్తోంది. వ్యాను క్షేమం."

"మనుషులు?"

"జవాన్లకు దెబ్బలు."

"డ్రైవరు?"

"మీరు రండి మేడమ్."

వాలులో కాలు తీసి ఉంటాడు. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. తడిసిన సున్నపు బురద మీద రెండు తిన్నటి గీతలు కల్వర్టు దాకా వెళ్లాయి. నేను చేరేసరికి వాన వాటిని సగం చెరిపేసింది.

విచారణలో నా చీటీ బయటికి వచ్చింది. నన్ను మెచ్చుకున్నారు. ఫోర్‌మన్‌ను బదిలీ చేశారు. "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగారు. లేదన్నాను. రెండోసారి. చెబితే తప్పంతా పోయినవాడి నెత్తిన పడుతుందనేది అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం. నా నెత్తిన కూడా పడేది, అది చెప్పుకోలేదు.

ఖుర్సీపార్‌లో ఆయన భార్య నాకు మంచినీళ్లిచ్చి, "మీరొక్కరే ముందు కనిపెట్టేరమ్మా" అంది. తాగాను.

రెండేళ్లు పూర్తి చేసి అదే స్టేషన్లో రైలెక్కాను. అదే ట్రంకు. దింపడానికి వచ్చిన కొత్త డ్రైవరు కుర్రవాడు, మేడమ్ మెల్లగా మాట్లాడతారని ఎవరితోనో అన్నాడట.

రోడ్డు మీద గీతలు మరిచిపోయాను. తిరగబడిన బండినీ మరిచిపోయాను. కాటన్ వేస్టుతో ఒకే వేలిని మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ నా వైపు తిరిగిన ఆ ముఖం మాత్రం పోదు. ఆయన చూపు నా కళ్ల మీద లేదు, పెదవుల మీద ఉంది. జవాబు అందించమని చూశాడా, నోరు మెదపొద్దని చూశాడా?