గుండెదడ గోలీలు, అబద్ధాలు పట్టే మిషను

పంతొమ్మిదేళ్ళ వయసులో నాకు రెండు ఆస్తులుండేవి. బొంబాయి వర్లిలో చేతి గడియారాలు ప్యాక్ చేసే కంపెనీలో ఉద్యోగం ఒకటి, చీరల మడతల్లో దాచుకున్న గుండెదడ గోలీలు రెండోది. మొదటిది నిలవాలంటే రెండోది కంపెనీలో ఎవరికీ తెలియకూడదు. జబ్బు మనుషులంటే కంపెనీ యజమాని సేఠ్‌కి గిట్టదు. ఫిట్స్ వస్తాయని తెలిసి ఒక అమ్మాయిని మధ్యాహ్నం డబ్బా కూడా తిననివ్వకుండా పంపించేశాడు. మా నాన్న కట్టుబడి పనిలో నడుం విరగ్గొట్టుకుని మంచాన ఉన్నాడు. ఇల్లు గడిచేది నా జీతంతోనే.

కంపెనీలో రహస్యమే కానీ, కామాఠీపురాలో మేముండే వరసగదుల చాల్‌లో అలాంటి పప్పులు ఉడకవు. అక్కడ డాక్టరు చిట్టీ ఒకరి పేరు మీద ఉంటుంది, మందు మాత్రం అందరిదీ. ఒక పిల్లవాడికి రాసిచ్చిన దగ్గు మందు వరండా పొడుగునా పిల్లలందరూ తాగేవారు. కింది గది తాత కడుపుమంట గోలీలు పెళ్ళి భోజనాలయ్యాక చేతులు మారేవి. ఎవరైనా అడిగితే లేదనడం మర్యాద కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, అప్పుడు మాత్రం అదేదో పంచదార అప్పిచ్చినంత సహజంగా ఉండేది.

ఒకనాడు కంపెనీలో పన్నెండు గడియారాలు తక్కువ వచ్చాయి. అవి పొరపాటున వేరే దుకాణానికి వెళ్ళాయని నెల తర్వాత తెలిసిందనుకోండి, కానీ ఈలోపు సేఠ్ బావమరిది ఫారిన్ నుంచి తెచ్చిన ఒక మిషను బయటికొచ్చింది. అబద్ధమాడితే పట్టేస్తుందట. సోమవారం ఒక్కొక్కరినీ దాని ముందు కూర్చోబెడతామన్నారు.

మా చాల్ నుంచి ఆ కంపెనీలో నలుగురం ఉండేవాళ్ళం. పక్క గది పెద్దమ్మ, ఎదురు గది వదినలు ఇద్దరు, నేను. గడియారాలు ఎవరమూ తీయలేదు, అయినా అందరికీ వణుకే. పెద్ద వదిన పిల్లలు ఆడుకోవడానికని ఖాళీ అట్టపెట్టెలు ఇంటికి తెచ్చేది. చిన్న వదిన అత్త చచ్చిపోయిందని చెప్పి నాలుగు రోజులు సెలవు తీసుకుంది, ఆ అత్త నిక్షేపంగా ఉంది. పెద్దమ్మకైతే ఆ వైర్లలో కరెంటు ఉంటుందేమోనని భయం.

సోమవారం పొద్దున్నే పెద్దమ్మ చెయ్యి చాచింది.

"బిడ్డా, గా దడ గోలీ ఒకటి ఇయ్యరాదే. గుండె గడబిడ చేస్తాంది."

వెనకాలే వదినలూ నిలబడ్డారు. ఉన్నవి మూడంటే మూడు. నిజం చెప్పేదానికి గోలీ ఎందుకులే అని గొప్పకు పోయి మూడూ ఇచ్చేశాను. తెలివితక్కువతనంలో నన్ను మించినవాళ్ళు ఆ గల్లీలో లేరు.

బావమరిది ఛాతీకి పట్టీ చుట్టి, వేళ్ళకు క్లిప్పులు తగిలించి, హిందీలో ప్రశ్నలు వేశాడు. మిగతావాళ్ళం గోడవారగా నిలబడి చూస్తున్నాం. మిషను ముల్లు కాగితం మీద గీసే గీత పెద్దమ్మకు చదునుగా సాగింది. పెద్ద వదినదీ అంతే. కంపెనీకి ఎప్పుడైనా అబద్ధం చెప్పావా అంటే చిన్న వదిన జన్మలో చెప్పలేదంది. ముల్లు కదల్లేదు. ఆ సమయానికి ఆవిడ అత్త మా వరండాలో బియ్యం ఏరుతూ ఉండి ఉంటుంది. నేను నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకున్నాను.

నా వంతు వచ్చింది. పేరడిగితేనే ముల్లు ఎగిరింది. గడియారాలు తీశావా అనేసరికి కాగితం దాటిపోయింది. దొంగ దొరికిందని సేఠ్ లేచాడు. కానీ బావమరిది తెలివైనవాడు. ముగ్గురిది అంత చదును, ఈ ఒక్కదానిది ఇంత దూకుడు ఏమిటని అతనికి అనుమానమొచ్చింది. ఎవరో ఏదో గోలీ మింగారు, అది ఎవరిదో చెప్పమన్నాడు.

నాదంటే జబ్బుదాన్నని తీసేస్తారు. కాదంటే దొంగనని తీసేస్తారు.

"మేరా హై సాబ్," అంది పెద్దమ్మ.

గోలీలు తనవేనని, భయపడుతున్న ఆ ఇద్దరికీ చెరొకటి ఇచ్చానని, ఈ పిల్లకు మిగల్లేదు గనక వణుకుతోందని బొంబాయి హిందీలో నిదానంగా వివరించింది. బావమరిది నమ్మక ఆమెనే మళ్ళీ కూర్చోబెట్టి పట్టీ చుట్టాడు. గోలీలు నీవేనా అన్నాడు. నావేనంది. గీత తాడు లాగి కట్టినట్టు తిన్నగా పోయింది. ఫారిన్ మిషను ఆ పచ్చి అబద్ధానికి నిజమని ముద్ర వేసింది.

యాభై దాటిన మనిషికి గుండెదడ ఉండటం సేఠ్‌కి జబ్బుగా కనిపించలేదు. పైగా తనకూ మెట్లెక్కితే దడగానే ఉంటోందని, ఆ డాక్టరు ఎక్కడుంటాడని అడిగాడు. బావమరిది మొహం మాడ్చుకుని మిషను సర్దేశాడు.

సాయంత్రం ఇంటిదారిలో ఫాక్‌లాండ్ రోడ్డంతా మా నవ్వులే. చిన్న వదిన రోడ్డు మీదే సేఠ్‌లా గుండె పట్టుకుని మెట్లెక్కి చూపించింది. నాకు నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి, కళ్ళ వెంట నీళ్ళు. ఇంత సంతోషం ఒక్కరోజులో పట్టదనిపించింది.

వెనక్కి తిరిగి చూస్తే పెద్దమ్మ మా వెంట లేదు. ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని ఉంది. పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. గోలీ పని అయిపోయినట్టుంది, నాడి నాకంటే వేగంగా కొట్టుకుంటోంది.

"గిప్పుడు భయమైతాంది బిడ్డా. నౌకరీ పోతే నా బతుకు ఏమైతుండె?"

ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. పొద్దుటి నుంచి ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మరి ఏం ఆలోచించి అలా చెప్పావని అడిగాను.

"సోంచాయించలే," అంది. "సోంచాయిస్తే నోరు లేవకపోతుండె."

అని తనే ముందు నవ్వింది.